తడి ఆరిన చోటు

“చిన్నపిల్లలకి ఇక్కడేం పని టీచర్ గారూ? పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే ప్రవేశం” అన్నాడు మందుపాతరలు వెతికే ప్రయోగశాల పెద్ద, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

గేటు బయట ఆమె తొమ్మిదో తరగతి పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. వాళ్లకి ఈ తలుపు తెరిపించకుండా వెనుదిరగకూడదని టీచరమ్మ గట్టిగా అనుకునే వచ్చింది.

“ఒక్క పిల్లాడి ఆలోచన చూడండి. నచ్చకపోతే నా దారిన నేను పోతాను.” మట్టి నింపిన పళ్లెం ఆయన బల్ల మీద పెట్టింది.

“ఏంటిది, పూలకుండీయా?”

“మందుపాతర పాతిన నేల.”

పక్క బల్ల దగ్గరి శాస్త్రవేత్త ఒకావిడ కిసుక్కున నవ్వి లేచి వచ్చింది.

టీచరమ్మ మట్టి మీద నీళ్లు చిలకరించి, ఫ్యాను అటు తిప్పింది. బల్ల మీద కాగితాలు లేచాయి.

“ఎంతసేపమ్మా ఇది?”

“టీ చెప్పండి. తాగేలోపు తేలిపోతుంది.”

టీ వచ్చింది, చల్లారింది. నల్లటి తడి మట్టిలో ఒకచోట మాత్రం తెల్లబడింది. అక్కడ వేలితో గీరితే ప్లాస్టిక్ సబ్బుపెట్టె బయటపడింది.

“పెట్టె మీద మట్టి పల్చన. కిందనుంచి తడి అందదు. అందుకే ముందు ఆరిపోతుంది.”

శాస్త్రవేత్త నవ్వు ఆగిపోయింది. “సార్, మన యంత్రం లోహం ఉంటేనే కూస్తుంది. ప్లాస్టిక్ మందుపాతరలు దొరక్కేగా మన ఏడుపంతా!”

“వాన పడుతుంటే?” అన్నాడు పెద్దాయన.

“వెలిశాక చూడమన్నాడు. అంత తొందరేంటన్నాడు.”

పెద్దాయన పకపకా నవ్వాడు. “వీడెవడో గడుగ్గాయిలా ఉన్నాడే! డ్రోనుతో నీళ్లు చల్లించి, పైనుంచే ఫొటోలు తీస్తే... అబ్బ! ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నాకు తట్టలేదే!”

“ఇది చేసినప్పుడు వాడికి పద్నాలుగు కూడా నిండలేదండీ. మరి మీ నిబంధన?”

“పెట్టింది నేనేగా, తీసేస్తున్నాను.” ఫోనెత్తి గేటుకి చెప్పాడు. “ఆ పిల్లలందర్నీ లోపలికి పంపండి.”

టీచరమ్మ ఊపిరి తేలికపడింది.

“ఇంతకీ ఆ కుర్రాడు వాళ్లలో ఎవడు? వాడికి ముందు చెయ్యి కలపాలి” అంటూ, అప్పటిదాకా సరిగ్గా చూడని ఆమె ముఖంలోకి చూశాడు.

“వాళ్లలో లేడు” అని నవ్వింది టీచరమ్మ. “అప్పట్లో నా తరగతిలో ఇది చేసింది నువ్వేరా, బుడంకాయ్!”