రెండో సీసా

"రెండో సీసాలో ఒక్కటీ చావలేదు!" జగన్నాధం నెత్తి పట్టుకున్నాడు.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ ప్రయోగశాల. బల్లమీద రెండు గాజు సీసాలు, వాటి నిండా ఆవగింజంతైనా లేని నీటిపురుగులు. మూడేళ్లుగా జగన్నాధం వాటికి నాచునీళ్లు పెట్టిస్తూనే ఉన్నాడు. జిల్లాలో ఏ పెళ్లిలోనూ అంతమంది భోంచేసి ఉండరు.

మొదటి సీసాకి రోజూ పది చెంచాలు, రెండోదానికి ఒక్కటే. కడుపునిండా తిన్నవి పెరిగి, వాటిని వేటాడే గాజుపురుగు నోట పట్టవు. పస్తున్నవి ఎదగవు, ఇట్టే దొరికిపోతాయి. ఈ సంగతి రుజువు చేస్తేనే అతనికి డాక్టరేటు. నిన్న రెండింట్లోనూ గాజుపురుగుల్ని వదిలాడు. ఈ మధ్యాహ్నమే వాల్తేరు నుంచి ప్రొఫెసరుగారు చూడ్డానికి వస్తున్నారు. తీరా చూస్తే రెండో సీసాలోవి కూడా గున్న ఏనుగుల్లా షికార్లు చేస్తున్నాయి. గాజుపురుగులే ఆకలికి సోలిపోయేలా ఉన్నాయి.

రోజూ చెంచాతో పోసేది ప్రయోగశాల ఊడ్చే దాలమ్మ. ఆవిడ కిటికీ కింద కూచుని చోడంబలిని రెండు గిన్నెల్లోకి వంపుతోంది, ఏ గిన్నెకీ చుక్క ఎక్కువ కాకుండా. రోజూ అంతే. ఒకటి తాగి, రెండోది ఇంటికి పట్టుకుపోతుంది. కొడుక్కి కాబోలనుకునేవాడు జగన్నాధం.

కొడుకు రాముడు ఆమదాలవలస స్టేషన్లో కూలీ. వాడు బస్తాలు దించితే రైలు తేలికై పావుగంట ముందే కదిలిపోతుందని దాలమ్మ చెబుతుంది. "యుద్దమప్పటి కరువులో జొరాలకి పిల్లలు రాలిపోతంటే, ఉన్న అంబలంతా ఆడికే పోసి బతికించుకున్నాను బాబూ" అని కూడా చెబుతుంది.

"దాలమ్మా! రెండోదానికి ఎన్ని చెంచాలు పోస్తున్నావు?"

"పది బాబూ."

"ఒక్కటే పొయ్యమన్నానా?"

"అన్నారు."

"మరి?"

"పక్కదానికి పదేసి, దీనికి ఒక్కటెయ్యడానికి సెయ్యి ఒప్పనేదు."

"మూడేళ్ల కష్టం నీళ్లపాలు చేశావు కదే తల్లీ! పురుగులవి, పురుగులు! నీ రాముడనుకున్నావా?"

"కాదు బాబూ."

దాలమ్మ రెండో గిన్నె మీద మూతపెట్టి, చెయ్యి తియ్యకుండా అలాగే ఉండిపోయింది.

"నా కవలల్లో రాముడు మొదటి సీసా."