ముట్టుకోకూడని హార్మోనియం

శ్రీరామప్ప తిరుపతి బస్సెక్కిన కాసేపటికే ఆయన హార్మోనియం ఇల్లు దాటింది. దొంగతనానికి ప్లాను వేసినవాడు కాబోయే అల్లుడు నందీశ్. పెరటి తలుపు తీసి పెట్టెను చేతికందించింది స్వయానా కూతురు అర్పిత.

"నాయన రేపు వచ్చేస్తాడు. ఆ లోపల ఇది ఇంట్లో ఉండాల బావా. దీనికి గీత పడినా నీకు తాంబూలాలు ఇయ్యడు," అంది.

ఉత్త బెదిరింపు కాదది. బూదికోటలో ఆ హార్మోనియాన్ని ముట్టుకున్నవాడు లేడు. ఒకసారి సొంత తమ్ముడు దుమ్ము తుడవబోతే శ్రీరామప్ప అతనితో మాటలే మానేశాడు. భజన మందిరంలో నడుమ కూర్చునేది ఆయనే. తాళాలు, డోలక్కు, కరెంటు శ్రుతిపెట్టె, ఇవన్నీ చాలనట్టు రెండు మైకులు. ఆ హోరులో ఆయన కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, మెట్ల మీద వేళ్ళు పరుగెత్తిస్తుంటే చూసేవాళ్ళకు ఒళ్ళు పులకరించేది. విడిగా ఒక్క పాట వాయించమని ఎంత పెద్దమనిషి బతిమాలినా, "ఇది దేవుడి సొత్తప్పా, మనుషులకు వాయించను," అనేవాడు. అంత నిష్ఠాపరుడు!

అలాంటి వస్తువును నందీశ్ ఎత్తుకుపోవడానికి కారణం వాడి నోటిదురద. క్యాసంబళ్ళిలో స్నేహితులు నాటకం వేస్తున్నారు. బాడుగకు మాట్లాడుకున్న హార్మోనియం చివరి నిమిషంలో రాలేదు. అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, "మా మామది లేదా? నేను తెస్తా!" అని వీడు రొమ్ము విరుచుకున్నాడు.

క్యాసంబళ్ళి సంత దగ్గర రోడ్డు మీది హంపు వాడికి కనపడలేదు. బైకు ఎగిరి పడింది. ముందు చక్రం వంకరపోయింది. వెనక కట్టిన పెట్టె తాడు తెంచుకుని రోడ్డు మీద దొర్లింది.

నందీశ్ పెట్టె తెరిచి, గాలి కొట్టి, ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు లేదు. పక్క మెట్టు నొక్కాడు. ఊహూఁ. అన్నీ నొక్కి చూశాడు. ఒక్కటీ పలకలేదు. పెళ్ళి పోయిందిరా దేవుడా అని అక్కడే చతికిలబడ్డాడు. ఇంక నాటకం ఎవరిక్కావాలి?

ముళబాగిలు బస్టాండు పక్కన మునిశామప్ప అనే ఆయన హార్మోనియాలు బాగు చేస్తాడని సంతలో ఎవరో చెబితే అక్కడికి పరుగెత్తాడు. మునిశామప్ప మూత విప్పి లోపలికి చూసి, నోరు తెరిచాడు.

"బైకు మీంచి పడిందంటావే, కొండ మీంచి పడినా ఇంత పాడు కాదు కదప్పా! ఒక్క స్వరం మిగల్లేదు."

"నా చెయ్యి అట్లాంటిది," అన్నాడు నందీశ్ ఏడుపుగొంతుతో. "ఎట్లన్నా చేసి పలికించన్నా. మా మామది మామూలు చెవి కాదు. రవ్వంత తేడా ఉన్నా పట్టేస్తాడు."

మునిశామప్ప రీడ్లన్నీ మార్చాడు, తిత్తికి కొత్త తోలు వేశాడు. మర్నాటికి పెట్టె కోయిలలా పలికింది. నందీశ్ దాన్ని గోనెసంచిలో దూర్చి, బూదికోట వైపు ఖాళీ డబ్బాలతో పోతున్న టమాటా టెంపో ఎక్కాడు.

టెంపో కదలబోతుండగా ఎవరో చెయ్యెత్తి ఆపారు. చూస్తే అప్పుడే తిరుపతి బస్సు దిగి, గుండుతో, లడ్ల సంచితో, సాక్షాత్తూ శ్రీరామప్ప!

"నువ్వు మన ఊరికేనా అల్లుడా? నేనూ వస్తా," అంటూ ఎక్కి, చోటు లేక నేరుగా గోనెసంచి మీదే కూర్చున్నాడు. "గట్టిగా ఉండాదే! ఏముండాది దీంట్లో?"

"తోటకు డ్రిప్పు సామాను మామా."

ఊరు చేరేదాకా ఒక్కో హంపుకూ మామ పైకి లేచి సంచి మీద పడుతుంటే, నందీశ్ గుండె కూడా అలాగే లేచి పడింది.

శ్రీరామప్ప వాకిట్లో కాళ్ళు కడుక్కుని ఇరుగుపొరుగుకు ప్రసాదం పంచుతుండగా, అర్పిత పెరటి దారిన సంచి లాక్కుపోయి పెట్టెను దాని చోట పెట్టేసింది. నందీశ్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే ఇంటికి పోయుంటే బాగుండేది. కానీ అర్పిత అన్నం తిని పొమ్మంది, వీడు కూర్చుండిపోయాడు.

సాయంత్రం భజనకు బయలుదేరబోతూ శ్రీరామప్ప పెట్టె తెరిచి, బొట్టు పెట్టి, అలవాటుగా తిత్తి ఆడించి మెట్ల మీద చెయ్యి వేశాడు. ఖంగుమని ఇల్లంతా మోగింది. ఆయన కాలిన పెనం తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మొహం పాలిపోయింది.

"ఎవురు ముట్టినారు దీన్ని?"

చెవి అంటే అదీ అనుకున్నాడు నందీశ్. తాకీ తాకకముందే పట్టేశాడు! బుకాయించవచ్చు. కానీ అర్పిత కళ్ళలో నీళ్ళు చూశాక వాడికి నిజంగానే సిగ్గేసింది. ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తప్పంతా నాది మామా. నేనే ఎత్తుకపోయినాను, నేనే పడేసినాను, ముళబాగిల్లో బాగు చేయించి తెచ్చినాను. అర్పితను ఒక్క మాట అనద్దు. తాంబూలాలు ఇయ్యనంటే ఇంగ నీ ఇష్టం."

శ్రీరామప్ప వీధిలోకి తొంగి చూసి, తలుపు మూసి గడియ పెట్టాడు. చెంప పగలడం ఖాయమని నందీశ్ కళ్ళు మూసుకున్నాడు. మామ వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పడేసినందుకు నేనేమీ అననప్పా. మా నాయన పోయినప్పట్నుంచీ ఇది మూగదే, నాకు ఒక్క పాట వాయించేదానికి రాదు. మందిరంకాడ జనం చేరకముందే దీన్ని మళ్ళీ యాడన్నా పడేసి తీసుకురా, తాంబూలాలు రేపే ఇస్తా!"