దిద్దని పేపర్లు

“ఆపండి, ఆపండి” అంటూ లెక్కల మాస్టారు బస్సు వెనకాల పాతిక గజాలు పరుగెత్తాడు. బస్సు ఆగలేదు. కొండ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. పై అరలో పెట్టి మరిచిపోయిన ఆయన సంచీ కూడా దాంతోపాటే పోయింది.

“బట్టలేగా గురూ, పోతే పోయాయి” అన్నాడు ఆయాసపడుతూ వచ్చిన స్నేహితుడు. ఆయన అదే స్కూల్లో జాగ్రఫీ చెబుతాడు. ఆ సబ్జెక్టుకీ ఆ పొట్టకీ కలిపి స్టాఫ్‌రూములో అందరూ ఆయన్ని భూగోళం అంటారు. సెలవుల్లో ఇద్దరూ సరస్సు చూడ్డానికి బయల్దేరారు. సరస్సు ఇక్కడే, దిగు దిగు అని మ్యాపు చూసి మరీ హడావిడిగా దింపింది ఆయనే. సరస్సు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది.

“బట్టలు కాదు. ఏడో తరగతి పేపర్లు.”

భూగోళం చేతిలోని మ్యాపు మడిచేశాడు.

“ముప్ఫై నాలుగు. ఒక్కటి కూడా దిద్దలేదు.”

“పేపర్లు స్కూలు గేటు దాటకూడదు కదా?”

“దాటించాను. ప్రయాణంలో దిద్దేద్దామనుకున్నా.”

పరాయి దేశంలో పంతులుద్యోగం కత్తి మీద సాము. ఏడాదికోసారి కాంట్రాక్టు మీద ప్రిన్సిపాల్ సంతకం పడాలి. స్కూలు తెరిచిన రోజే ఆ సంతకం. పేపర్లు పోగొట్టాడని తెలిస్తే అది పడదు. సంతకం లేకపోతే వీసా లేదు. వీసా లేకపోతే నెల తిరిగేలోగా భార్యనీ, పదో తరగతి సగంలో ఉన్న కూతుర్నీ వెంటబెట్టుకుని సామాను సర్దుకోవాలి.

ఇద్దరూ మరో బస్సు పట్టుకుని డిపోకి వెళ్ళారు. కౌంటరులో ఉన్నావిడ తల ఎత్తకుండానే అడిగింది.

“ఏ బస్సు?”

“ఎర్రది.”

“అన్నీ ఎర్రవే. నంబరెంత?”

నూరు దాకా వర్గాలు నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, ఎక్కిన బస్సు నంబరు చూసుకోలేదు. ఆవిడ జాలిపడి దొరికిన వస్తువుల గది తెరిచింది. గొడుగులున్నాయి, కళ్ళజోళ్ళున్నాయి, ఎవరివో కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి. సంచీ లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. సరస్సు సంగతి ఇద్దరూ మరిచేపోయారు.

ప్రయాణంలో ఆఖరి రోజు మధ్యాహ్నం బయట ముసురు పట్టింది. లాడ్జి గదిలో లెక్కల మాస్టారు మంచం అంచున కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు. భూగోళం వచ్చి పక్కన కూర్చున్నాడు. తను తొందరపెట్టకపోతే సంచీ పోయేది కాదు.

“పోయిన పరీక్ష మార్కులు నీ ఫోన్లో ఉన్నాయిగా? వాటికి తలా రెండో మూడో కలిపి లిస్టు రాసెయ్.”

“చూడకుండా మార్కులెయ్యడం తప్పు కదూ?”

“ఇంటిల్లిపాదీ రోడ్డున పడటం ఒప్పా?”

“పేపరు చూపించమని ఎవరైనా అడిగితే?”

“తగ్గితే అడుగుతారు గురూ. పెరిగాక ఎవడడుగుతాడు? మిఠాయి పెట్టి వెళ్తారు.”

ఇరవై రెండేళ్ళుగా అర మార్కు దగ్గర కూడా పిల్లలతో పేచీ పెట్టుకున్న మనిషి, అరగంటలో ముప్ఫై నలుగురికీ మార్కులు వేసేశాడు. ఒకరికి రెండు, ఒకరికి మూడు, అనుమానం రాకుండా ఒకరికి అయిదు. కలం మూత పెడుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

స్కూలు తెరిచారు. ప్రిన్సిపాల్ మేడమ్ లిస్టంతా వేలు పెట్టి చదివింది.

“అందరికీ పెరిగాయే” అంది.

లెక్కల మాస్టారు ఆవిడ వేలు వైపే చూశాడు.

“బాగా చెప్పారన్నమాట” అని కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఇచ్చింది. ఆ మెచ్చుకోలు ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. అయినా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక, పది రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది. స్టాఫ్‌రూములో భూగోళం కళ్ళతోనే “చెప్పానా?” అన్నాడు.

అంతలో అటెండరు వచ్చాడు. “సార్, మీకోసం ఒక పేరెంటు వచ్చి కూర్చున్నారు.”

మెట్ల పక్క గదిలో ఒకావిడ కుర్చీ కొసన ఒదిగి కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది.

“ఏడో తరగతి పదిహేనో నంబరమ్మాయి తల్లినండీ.”

లిస్టు ఆయనకి కంఠతా వచ్చు. “తొంభై ఒకటమ్మా. పోయినసారి కన్నా మూడెక్కువ.”

“సంతోషమండీ. ఆ పేపరు ఒకసారి ఇస్తారా?”

“మార్కులు తక్కువయ్యాయనా?”

“ఎన్నొస్తే ఏముందండీ. పేపరు కావాలి.”

ఆయన జేబులు తడుముకున్నాడు. “బీరువా తాళం ఇవాళ నా దగ్గర లేదమ్మా.”

“పర్లేదు. తెప్పించండి, కూర్చుంటాను. సాయంత్రం దాకా అయినా కూర్చుంటాను.”

“మీకెందుకమ్మా శ్రమ” అన్నాడు లెక్కల మాస్టారు, ఎలాగోలా ఈ పూట గడిస్తే చాలనుకుంటూ. “రేపు అమ్మాయిని నా దగ్గరికి పంపండి. తన చేతికే ఇస్తాను.”

ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

“సెలవుల్లో జ్వరమొచ్చి పోయిందండీ మా పాప. ఆఖరి పరీక్ష మీదేగా, దాని చేత్తో చివరిసారి రాసింది ఆ కాగితాలేనండీ.”