బెల్లం గిన్నెలో రొట్టె

హన్మండ్లు ఇంటి కుక్క పక్కింటి రాజారాం చెయ్యి కొరికేసిందని, ఎముక కనబడుతోందని, దానికి పిచ్చి లేచిందని నల్లా దగ్గర ఈరవ్వ చెప్పిందట. పనిలో పనిగా, రాజారాం భార్య సవిత చేతికి ఒక్క గాజు కూడా లేదని, బర్రె తన్నితే పగిలాయని కూడా చెప్పిందట. ఈ మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చిన హన్మండ్లు కూతురు శృతి, బిందె దించకుండానే ఏడ్చింది.

"బాపూ, మన బెల్లం ఎవ్వల్ని కరవది."

హన్మండ్లుకూ తెలుసు. పదేండ్ల కింద బోధన్ దారిలో చెరుకు ట్రాక్టరు కింద దొరికిన కూన అది. రంగును బట్టి శృతే ఆ పేరు పెట్టింది. ఇప్పుడు వెనక కాళ్లు ఈడుస్తోంది. పిల్లి ఎదురైతే తనే పక్కకు తప్పుకుంటుంది.

సాయంత్రం రాజారాం కుడి చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు.

"హన్మండ్లన్నా, నీ కుక్క ఊర్లె ఉండద్దు. ఇయ్యాల నన్ను కరిసింది, రేపు పోరగాండ్లను కరుస్తది."

"కుక్కలు పిక్క వట్టుకుంటయి గని, చెయ్యెట్ల దొరికింది తమ్మీ?"

"వంగి రొట్టె ఏస్తున్న. కరిసింది."

"బండి తీస్త దా. బోధన్ దవాఖానకు వోయి సూది ఏయించుకుందాం."

"సూదులద్దు, ఏమద్దు. కుక్కను ఎల్లగొట్టు."

నాలుగు రోజుల్లో మాట ఊరంతా పాకింది. బెల్లం గడప దిగితే చాలు, జనం కట్టెలు అందుకుంటున్నారు. ఎవరో విసిరిన రాయికి చెవి చీరుకుపోయింది. ఇక్కడుంటే చంపేస్తారని, ఆదివారం నందిపేటలో చెల్లెలింట్లో వదిలొస్తానన్నాడు హన్మండ్లు. ఆ పూట నుంచి శృతి అన్నం ముట్టలేదు.

వింతేమిటంటే, ఆ నాలుగు రోజులూ సవిత పొద్దున్నే వచ్చి, పాలలో నానేసిన రొట్టె బెల్లం గిన్నెలో వేసి పోయేది. శృతి గిన్నె పక్కకు లాగింది. మొగుణ్ని కరిచిన కుక్కకు రొట్టె ఎవరు పెడతారు?

"చిన్నమ్మా, అండ్ల ఏమన్న కలిపినవా?"

సవిత గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని నమిలింది. బెల్లం ఆమె చెయ్యి నాకింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆదివారం ఆటో వచ్చింది. ఎత్తి కూర్చోబెట్టి తాడు కడుతుంటే, షికారుకనుకుని బెల్లం తోక ఊపింది. శృతి దాని మెడ వాటేసుకుని వదలడం లేదు. నల్లా దగ్గర ఈరవ్వ బిందె నిండి పొర్లుతున్నా చూసుకోవడం లేదు.

"జల్ది తీస్కపో అన్నా," గోడ అవతల నుంచి రాజారాం అన్నాడు.

ఇంతలో సవిత చరచరా వచ్చి ఆటోకు అడ్డం నిలబడింది.

"బావా, దాన్ని దించు."

"తయారైనంక గిట్లంటవేంది సవితా?"

ఆమె తనే తాడు విప్పింది. బెల్లం కుంటుకుంటూ దిగి శృతి ఒళ్లో పడింది. ఎందుకో అర్థం కాకపోయినా, తలమీది మూట దించినట్టు హన్మండ్లు ఊపిరి వదిలాడు.

రాజారాం గోడ మీద గుద్దాడు.

"నీకు గిట్ల పిచ్చి లేసిందా? కరిసిన కుక్కను మల్ల ఊర్లె ఉంచుతవా?"

సవిత మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు కొట్టనీకి వస్తె కరిసింది నేను."