ఒకే అచ్చు, రెండు జిమ్ములు

"నీ జిమ్ములో చేరినవాడు కోతి అవుతాడురా. మనిషి కాడు," అన్నాడు బావ.

"నీ జిమ్ములో చేరినవాడు బీరువా అవుతాడు బావా. పెట్టినచోటే ఉంటాడు," అన్నాడు బామ్మర్ది.

వీధికి ఇటు బావ జిమ్ము. అటు బామ్మర్ది జిమ్ము. మధ్యన ఒక లారీ పట్టేంత రోడ్డు.

బావ నమ్మింది ఇనుమును. బరువెత్తితే కండ వస్తుంది, కండ వచ్చాక గెంతు దానంతటదే వస్తుందని ఆయన సిద్ధాంతం. బామ్మర్దికి గెంతులే సర్వస్వం. చెక్కపెట్టె మీదికి ఎగరాలి, దిగాలి, దిగీదిగగానే మళ్లీ ఎగరాలి. కండ స్ప్రింగులా ఠక్కున విడిపడాలిగాని ఎద్దులా లాగితే ఏం లాభమంటాడు.

"ఆ విసురు పుట్టుకతో రావాలి. మీరిద్దరూ నేర్పేదేముంది?" అంది ఒకరికి పెళ్లామూ ఒకరికి అక్కా అయిన ఇల్లాలు, ఓ ఆదివారం ఇద్దరికీ వడ్డిస్తూ.

జీవితంలో మొదటిసారి బావాబామ్మర్దులు ఏకమయ్యారు. ఆవిణ్ణి చూసి పగలబడి నవ్వారు.

నవ్వు సగంలోనే బావకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"పుట్టుక గొడవే లేకుండా చేద్దాంరా. సందు చివర దర్జీ ఆవిడకి కవలలున్నారుగా! ఒకే రక్తం, ఒకే ఎముక. చెరొకణ్ణీ తీసుకుందాం. ఎండలు ముదిరేసరికి ఎవడు ఎక్కువ ఎగిరితే వాడి గురువుదే గెలుపు. ఓడినవాడు బోర్డు పీకేసి గెలిచినవాడి కింద పనికి చేరాలి."

"మాట తప్పవుగా?"

"నీలాంటివాణ్ణి అనుకున్నావా?"

బావ బోర్డు ఆయన తండ్రి తన చేత్తో రాసి తగిలించింది. అది పీకే రోజొస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. అనుకునే అలవాటుంటే కదా.

కవలలు వచ్చారు. అచ్చు గుద్దినట్టున్నారు. కన్నతల్లే రోజుకోసారి పేర్లు తారుమారు చేస్తుందట. వేళ్లకు సుద్ద రాసుకుని, నిలుచున్నచోటు నుంచే ఎగిరి గోడను చరిచారు. ఇద్దరి సుద్దమరకలూ ఒకే ఎత్తున పడ్డాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అక్కడే ఎర్రరంగుతో గీత గీశారు.

పెద్దోడు బావ వంతు. చిన్నోడు బామ్మర్ది వంతు. ఇనుము పొద్దున్నే పట్టాలని బావ పట్టుబట్టాడు. కండ సాయంత్రానికిగాని మేలుకోదని బామ్మర్ది వాదించాడు. ఎవరి వేళ వాళ్లదయింది.

పెద్దోడు ఉత్తముడు. ఎంత చెబితే అంత చేసేవాడు, నోరెత్తేవాడు కాదు. కొన్ని వారాలు బాగా లాగాడు. తర్వాత బరువు కింద ఆవలించడం మొదలుపెట్టాడు.

"నిన్న లేచింది ఇవాళ లేవదేంట్రా? రాత్రిళ్లు సినిమాలకి పోతున్నావా?"

"లేదండీ."

బావకు తెలిసిన మందు ఒక్కటే. ఇంకో ఇనుపబిళ్ల తగిలించాడు.

సాయంత్రమైతే ఆయన కుర్చీ గుమ్మం బయట వేసుకుని ఎదురు జిమ్మును చూస్తూ కూర్చునేవాడు. అదొక వినోదం. అక్కడ కుర్రాడికి మోకాళ్లు గజగజలాడుతుండేవి. ఓరోజు పెట్టె ఎక్కలేక బోర్లా పడ్డాడు.

బావ చప్పట్లు కొట్టాడు. "ఏరా బామ్మర్దీ, దూకుడు నేర్పమంటే దొర్లుడు నేర్పుతున్నావేంట్రా?"

"నీ పని నువ్వు చూసుకో బావా!" అని బామ్మర్ది ఇంకో పెట్టె తెచ్చి మొదటిదాని మీద పెట్టాడు. ఆయనకు తెలిసిన మందూ ఒక్కటే మరి.

ఎండలు ముదిరాయి. పందెం రోజున వీధి వీధంతా గోడ ముందు చేరింది.

ముందు పెద్దోడు. సుద్ద రాసుకున్నాడు. మోకాళ్లు వంచాడు. గాల్లోకి లేచాడనే అనాలి, అనకపోతే అన్యాయం. మరక ఎర్రగీతకు నాలుగు వేళ్లు కింద పడింది. బావ మొహంలో నెత్తురు లేదు.

తర్వాత చిన్నోడు. కళ్లు తేటగా ఉన్నాయి. ఒళ్లు విరుచుకుని, ఒక్క ఊపున ఎగిరి గోడను ఛెళ్లుమనిపించాడు. గీతకు ఒక వేలు పైన.

"ఇన్నాళ్ల గెంతులకీ ఒక్క వేలా!" అని ఎగతాళి చేశాడు బావ.

"నావాడు వేలు ఎక్కాడు. నీవాడు నాలుగు దిగాడు. చాలదా బావా?"

జనం గొల్లుమన్నారు. చిన్నోడు వినయంగా వచ్చి బావకు చెయ్యి కలిపాడు. అరచెయ్యి వెన్నముద్దలా ఉంది. ఇనుము ముట్టని చెయ్యి ఇలాగే ఉంటుంది, దీని చేతిలో ఓడానే అని బావ లోపల్లోపల కుమిలిపోయాడు.

మర్నాడు నిచ్చెన వేసుకుని తండ్రి రాసిన బోర్డును తన చేత్తోనే దించాడు. బామ్మర్ది జిమ్ముకు గోడంత ఫోటో వచ్చింది, గాల్లో ఎగురుతున్న చిన్నోడిది. దాని కింద బావ, బామ్మర్ది ఇచ్చిన బిగుతు బనీను తొడుక్కుని, కొత్తవాళ్ల చేత పెట్టెలెక్కిస్తున్నాడు.

"చిన్నోడిలా ఎగరండయ్యా! చిన్నోణ్ణి చూసి నేర్చుకోండి!" అని అరవడం కూడా ఆయన ఉద్యోగంలో భాగమే.

అన్నీ దిగమింగాడుగాని ఆ నాలుగు వేళ్లు మాత్రం గొంతు దిగలేదు. ఓ మధ్యాహ్నం దర్జీ ఆవిడ ఇంటికెళ్లి గుమ్మంలోనే కేకలేశాడు.

"ఏమ్మా, మీ పెద్దోడు ఇంట్లో సరిగా నిద్రపోయేవాడా, లేదా? నా పరువంతా తీశాడు!"

ఆవిడ కుట్టుమిషను ఆపి, నొచ్చుకుంటూ చెప్పింది. "ఒళ్లు హూనమైతే నిద్రెలా పడుతుందండీ, చిన్నోడు మంచం దిగనంటే తమ్ముడి మాట పోకూడదని సాయంత్రాలు ఎదురు జిమ్ముకీ పెద్దోడే పోయేవాడు, చిన్నోడు మీ వీధి మొహం చూసింది ఆ గోడ దగ్గర ఎగిరిన రెండు రోజులేగా!"