ఒక్క పాయింటు తేడా

నల్లడబ్బా వెళ్ళి గోడకు కొట్టుకుని కింద పడింది.

"ఇది చిన్నపిల్లల ఆట. నేనాడను!" అన్నారు దైవాశీర్వాదం మాస్టారు.

నర్సు నవోమి వంగి ఆ డబ్బా తీసి చూసింది. నయం, పగల్లేదు.

1982 అక్టోబరు. పక్షవాతం వచ్చినవాళ్ళకి కాలూ చెయ్యీ మళ్ళీ స్వాధీనంలోకి తెచ్చేందుకు అమెరికాలోని నేపర్‌విల్‌లో ఉన్న ఆసుపత్రి అది. హాల్లో టీవీకి ఓ వీడియో గేమ్ తగిలించారు. తెర మీద ఓ చుక్క బంతిలా అటూ ఇటూ పోతుంటుంది. డబ్బా మీది గుండీ తిప్పితే ఓ చిన్నగీత పైకీ కిందికీ జరిగి బంతిని కొడుతుంది. గుండీ తిప్పాలంటే వేళ్ళు కదలాలి. అదే వైద్యం.

మాస్టారు బాపట్లలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చారు. వస్తూ వస్తూ హార్మోనియం కూడా మోసుకొచ్చారు. ఇక్కడి తెలుగు చర్చిలో ఆయన వాయించందే పాట మొదలయ్యేది కాదు.

సెప్టెంబరులో కుడిచెయ్యి పడిపోయింది.

"ఆరు వారాల్లో వేళ్ళు కదలకపోతే ఇక ఆశ వదులుకోవాల్సిందే," అని డాక్టరు నవోమితో చెప్పేశాడు.

ఆ రోజు మాస్టారి కోపానికి కారణం మనవరాలు మణి. అమెరికాలోనే పుట్టిన పదమూడేళ్ళ పిల్ల. గేమ్ ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవదు. తాతయ్యను రెండు నిమిషాల్లో ఇరవై ఒకటి - సున్నాతో ఓడించింది.

"తాతయ్యా, నువ్వు వెరీ స్లో!" అని నవ్వింది.

మాస్టారి ఎడంచేతిలోంచి డబ్బా గోడకెళ్ళింది అప్పుడే.

మర్నాడు మిల్డ్రెడ్ నోవాక్ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. మందపాటి కళ్ళద్దాలు. రోగులకు తోడుగా కాసేపు కూర్చుని వెళ్ళే వాలంటీర్లలో ఒకావిడ.

"నాతో ఓ ఆట ఆడతారా?" అని మాస్టారిని అడిగింది.

"మన వయసువాళ్ళకి ఇవేం వస్తాయండీ?" అన్నారాయన ఇంగ్లీషులో.

"నాతో ఆడటానికి ఎవరూ రావడం లేదు," అంది మిల్డ్రెడ్ దిగులుగా.

ఆయనకు జాలేసింది. సరేనన్నారు. బొటనవేలు కాస్త కదులుతోంది, అంతే. అయినా బంతి దేవుడి చలవో ఏమో, ఆయన గీత ఉన్నచోటికే వచ్చి తగిలింది.

ఇరవై ఒకటి - ఇరవై. మాస్టారే గెలిచారు!

"నవోమీ! చూశావా అమ్మా!" వార్డంతా వినబడేలా అరిచారు.

ఇక రోజూ అదే వరస. మాస్టారు గెలవడం, మిల్డ్రెడ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోవడం. రెండో వారంలో బంతి కాస్త పైకీ, కాస్త కిందికీ రాసాగింది. మాస్టారు గుండీ తిప్పక తప్పలేదు. మూడో వారానికి ఇంకాస్త దూరంగా వచ్చింది.

'పాపం, ఈవిడకి గురి కుదరడం లేదు,' అనుకుంది నవోమి.

మణికైతే చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

"అలా కాదు మిసెస్ నోవాక్. డబ్బా ఇలా పట్టుకోవాలి," అని నేర్పింది.

"ఇలాగా?" అని శ్రద్ధగా పట్టుకుంది మిల్డ్రెడ్. ఆ రోజూ ఓడిపోయింది.

"బాధపడకండి, మీకూ వస్తుంది," అని నవోమి ఓదార్చింది.

మిల్డ్రెడ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇంత కష్టమైన ఆట నేనెప్పుడూ ఆడలేదమ్మా."

ఆరో వారం ఓ పొద్దున నవోమి వెళ్ళేసరికి మాస్టారు మంచం మీద కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఒకటి తప్పు కాజాలో దూరింది. నవోమి సరిచేయబోతే వద్దన్నారు. డాక్టరుకు చూపించాలట!

క్రిస్మస్ ఆరాధనలో హార్మోనియం మోగింది. రెండు చోట్ల తడబడింది, ఎవరికీ పట్టలేదు. తాతయ్య పక్కనే నిలబడి మణి గొంతెత్తి పాడింది. వెనక వరసలో నవోమి ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది.

మిల్డ్రెడ్‌ని కూడా పిలవాలనుకున్నారు. కానీ ఆమె అప్పటికే చెల్లెలితో ఉండటానికి అరిజోనా వెళ్ళిపోయింది. వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు; ఆ సంగతీ, అడ్రసూ ఆసుపత్రి ఆఫీసులో తెలిశాయి.

"అన్నిరోజులు ఓడిపోయినా మొహం చిట్లించని మనిషి. ఆవిడకి మన గుర్తుగా ఆ గేమ్ కొని పంపుదాం. ప్రాక్టీసు చేసుకుంటుంది," అన్నారు మాస్టారు.

నవోమి, మణి కలిసి ఊళ్ళోని గేమ్‌ల షాపుకి వెళ్ళారు. మణి కార్డు రాసింది: 'డియర్ మిసెస్ నోవాక్, రోజూ ప్రాక్టీస్ చేయండి. ఒకరోజు మీరూ గెలుస్తారు!'

ప్యాక్ చేస్తున్న షాపాయన ఆ కార్డు చదివి ఆగిపోయాడు.

"మిల్డ్రెడ్ నోవాకా? డెబ్బై ఏళ్ళావిడ?"

"అవును. మీకు తెలుసా?" అంది నవోమి.

"ఈవిడకి ప్రాక్టీసా!" అంటూ ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

ఆ షాపు పెట్టే పోటీలకు కాలేజీ కుర్రాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారట. వాళ్ళలో మిల్డ్రెడ్ మీద పది పాయింట్లు దాటినవాడు మూడేళ్ళలో ఒక్కడూ లేడట.