చప్పుడు ఆగేముందు

టక్. టక్. టక్.

పైగదిలో అత్తగారు కర్రతో నేలను కొట్టింది. వంటింట్లో కాఫీ తాగుతున్న అర్వో సగం లేచాడు.

"కూర్చో" అంది కారిన్.

"మా అమ్మ పిలుస్తోందే."

"అది పిలుపు కాదు, అలవాటు. ఇప్పుడు నువ్వు వెళ్తే ఇన్నాళ్ళ కష్టం మంచులో పోసినట్టే."

అర్వో కూర్చున్నాడు. కాఫీ మాత్రం మళ్ళీ ముట్టలేదు.

పక్షవాతం వచ్చి అత్తగారు ఐలీకి మాట పోయింది, కాళ్ళు పోయాయి. కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. పైగదిలో పెరటి కిటికీ పక్కన ఆమెకు కుర్చీ వేసి, చేతికి కర్ర ఇచ్చింది అర్వోనే. ఏం కావాలన్నా కొట్టమన్నాడు. ఆమె దుప్పటి జారితే కొట్టేది. ఎండ కళ్ళలో పడితే కొట్టేది. తర్వాత తర్వాత ఏమీ అక్కర్లేకపోయినా కొట్టేది. పరుగెత్తుకుని వెళ్తే మొహంలోకి చూసి నవ్వేది.

కారిన్ ప్రవర్తనా శాస్త్రంలో ఎమ్మే ఆఖరి సంవత్సరం చదువుతోంది. పట్టా కావాలంటే ఒక మనిషి అలవాటును తిట్టకుండా, కొట్టకుండా మాన్పించి చూపించాలి. ఆమె అత్తగారి కర్రను ఎంచుకుంది. పద్ధతి తేలికే. కర్ర మోగితే ఎవరూ వెళ్ళకూడదు. మోగనప్పుడు మాత్రం కారిన్ నవ్వుతూ వెళ్ళి కాఫీ ఇస్తుంది, దిండు సర్దుతుంది, కబుర్లు చెబుతుంది. సోమవారం నాటికి కర్ర ఆగాలి. ఆగకపోతే పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. ఊళ్ళో బడివాళ్ళు ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగమూ పోతుంది.

"ఎలుకల మీద చేసే చదువు మా అమ్మ మీద చేస్తున్నావు" అన్నాడు అర్వో.

"ఎలుకలే నయం. వాటి కొడుకులు నాతో వాదించరు."

అర్వోకు నవ్వు ఆగలేదు. "సరే ప్రొఫెసరమ్మా. ఇక్కడుంటే నా కాళ్ళు ఊరుకోవు. పెరటివైపు ఇంటికప్పు మీద మంచు పేరుకుంది, కిందనుంచి లాగేసి వస్తా."

"ఒక్కమాట విని వెళ్ళు. మానేముందు ఒక్కసారి రెచ్చిపోతుంది. ఎన్నడూ లేనంతగా కొడుతుంది."

"ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ."

"అదే. అప్పుడు గనక వెళ్ళామా, అంత గట్టిగా కొడితేనే వస్తారని నేర్చుకుంటుంది. ఎంత మోగినా పైకి పోకు."

"పోను. ఒట్టు."

అతను టోపీ పెట్టుకున్నాడు. ఒంట్లో బాగున్న రోజుల్లో అమ్మ అల్లిన ఎర్ర గ్లౌజులు తొడుక్కున్నాడు. సుపీరియర్ సరస్సు గాలికి తలుపు బలంగా మూసుకుంది. బయట సన్నగా మంచు పడుతూనే ఉంది.

కాసేపటికి డెనీస్ ఫోన్ చేసింది. ఇద్దరిదీ ఒకటే తరగతి.

"ఏమే, మీ అత్త లొంగిందా? మా ఆయన గోళ్ళు కొరకడం మానేశాడు. ఇప్పుడు నా బుర్ర కొరుకుతున్నాడు."

కారిన్ నవ్వబోయింది. అంతలో ఏదో దబ్బుమంది. గోడలు అదిరాయి.

"ఏం పడిందే?"

"దిండ్లూ, పక్కనున్న బల్లా తోసేసి ఉంటుంది. మొన్నా అదే పని."

కర్ర మొదలైంది. ఈసారి మూడు దెబ్బలతో ఆగలేదు. ఊపిరి తీసుకునే సందు లేకుండా మోగుతోంది.

"మనం చదివిన ఆఖరి రెచ్చిపోవడం వచ్చేసిందే!" అంది డెనీస్. "నాకు ఇక్కడికి వినిపిస్తోంది!"

"డెనీస్, నేలను కొట్టడం లేదే. కిటికీ అద్దాన్ని కొడుతోంది."

"మన ప్రొఫెసర్ హాల్వర్సన్ గారు చెప్పలేదూ? పాతది పనిచెయ్యకపోతే కొత్త వేషాలు మొదలవుతాయని! కదలకు. కుర్చీకి అతుక్కుపో."

పైన అద్దం పగిలింది. ఆ వెంటనే ఒక అరుపు. మాట కాదు. మాట పోయిన గొంతులోంచి పెగుల్చుకుని వచ్చిన కేక. జబ్బు పడ్డాక ఐలీ నోటివెంట అంత శబ్దం ఎప్పుడూ రాలేదు.

కారిన్ లేచింది. మెట్ల దాకా వెళ్ళి కమ్మీ పట్టుకుంది.

"ఏడుస్తోందే. అర్వో కూడా బయటే ఉన్నాడు. నేను వెళ్తా."

"వెళ్ళు. వెళ్ళి వచ్చే ఏడు మళ్ళీ నా జూనియర్ల పక్కన కూర్చో" అంది డెనీస్. "నీ మొగుడు చూడు, కన్నకొడుకై ఉండీ ఎంత గట్టిగా నిలబడ్డాడో! గుమ్మం తొక్కాడా?"

తొక్కలేదు. నిజమే. ఇంత చప్పుడుకీ అర్వో లోపలికి రాలేదు. ఆ మాట కారిన్‌కు ధైర్యమిచ్చింది. వెనక్కి వచ్చి కూర్చుని, బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది.

కేక మూలుగులోకి దిగింది. దెబ్బల మధ్య ఎడం పెరిగింది. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

తర్వాత ఏమీ లేదు.

కారిన్ తొందరపడలేదు. చప్పుడు ఆగిన వెంటనే వెళ్ళకూడదని కూడా పుస్తకంలో ఉంది. ఆ నిశ్శబ్దం గట్టిపడేదాకా ఆగి, అప్పుడు కాఫీ వేడిచేసింది. యాలకుల రొట్టె మందంగా కోసి, వెన్న రాసింది. మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చుకుని మెట్లెక్కింది.

గది గుమ్మంలో ఆమె ఆగిపోయింది. కర్ర రెండు ముక్కలై కింద పడుంది. ఐలీ తల కిటికీ అంచున వాలి ఉంది. చేతినిండా నెత్తురు.

"అత్తయ్యా!"

ముసలామె కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

కారిన్ కుదుటపడింది. పళ్ళెం పక్కనపెట్టి, గాజు పెంకులు ఏరి, చేతికి తువ్వాలు చుట్టింది. "చూశారా, నెమ్మదిగా ఉంటే ఎంత బాగుందో! నేనే వస్తాగా" అంది ముద్దుగా.

ఐలీ కాఫీ వైపు చూడలేదు. కోడలి వైపూ చూడలేదు. పగిలిన అద్దంలోంచి కిందికే చూస్తోంది. ఏముందా అని కారిన్ కూడా వంగి చూసింది.

కప్పు మీదనుంచి ఒక్కపెట్టున జారిపడ్డ మంచుగుట్టలోంచి ఎర్ర గ్లౌజు ఒక్కటే పైకి లేచి ఉంది, దాని మీద అప్పుడే కొత్త మంచు పలచగా పరుచుకుంటోంది.